రెప్పకు ఆపరేషన్... రక్తం పలచబడే మాత్ర ఎప్పుడు ఆపాలి?

కనురెప్ప ఆపరేషన్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి భయం ఒక్కటే: గుండెకో, కాలికో, పక్షవాతం రాకుండానో వాడుతున్న రక్తం పలచబడే మాత్రను ఏం చేయాలి? అలాంటి వాటిని ఏరి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. రోజూ రాత్రి ఎకోస్ప్రిన్ గోల్డ్ 20 వేసుకుంటారు. పై రెప్పల చర్మం బాగా జారి చూపుకు అడ్డం వస్తోంది. కంటి డాక్టరు ఆపరేషన్‌కు వారం ముందు మాత్ర ఆపి రమ్మన్నారు. గుండె డాక్టరేమో ఒక్క పూట కూడా మానొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఏలూరు

జవాబు: ఇంకో నాలుగు నెలలు గుండె డాక్టరు మాటే వినండి. గుండెపోటు వచ్చినప్పుడు వేసిన మందు పూత స్టెంట్‌కు మామూలుగా ఏడాది పాటు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ జంటగా నడవాలి. గుండెపోటు లేకుండా, పరీక్షల్లో పూడిక కనబడి తీరిగ్గా వేయించుకున్న స్టెంట్‌కైతే ఈ గడువు సాధారణంగా ఆరు నెలలు. స్టెంట్ తీగల మీద రక్తనాళపు పొర పూర్తిగా పరుచుకునేదాకా ఒంటికది పరాయి వస్తువే. ఆ లోపల రెండు మందులూ ఒకేసారి మానితే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. అప్పుడొచ్చే గుండెపోటు మొదటిదానికన్నా చాలా ప్రమాదం. జారిన రెప్ప నాలుగు నెలలు ఆగుతుంది, గుండె ఆగదు. అందాకా చదివేటప్పుడు, టీవీ చూసేటప్పుడు రెప్పను చర్మానికి వాడే మెత్తటి పేపర్ టేప్‌తో పైకి అంటించుకోవచ్చు. రాత్రి తీసేయాలి.

మీ నాన్నగారి మందు స్ట్రిప్ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అంటే ఒక్క క్యాప్సూల్లో మూడు మందులు. ‘మాత్ర ఆపండి’ అన్న ఒక్క మాటకు మూడూ ఆగిపోతాయి. కొలెస్ట్రాల్ మందైన అటోర్వాస్టాటిన్‌ను రెప్ప ఆపరేషన్ కోసం ఆపాల్సిన పనే లేదు. ఎకోస్ప్రిన్ ఏవీ, క్లోపిటాబ్ ఏ లాంటివీ ఇలా కలిపి చేసినవే. ‘నేను బీపీకి, కొలెస్ట్రాల్‌కి తప్ప ఇంకేమీ వాడట్లేదు డాక్టరు గారూ’ అని చెప్పి ఆపరేషన్ బల్ల ఎక్కేవాళ్లలో కొందరు నిజానికి ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లే. అందుకే పేర్లు నోటితో చెప్పకుండా స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని కంటి డాక్టరు ముందు పెట్టాలి.

కంటి డాక్టరు భయమూ ఉత్తదేం కాదు. రెప్ప పైన కారే రక్తాన్ని దూదితో ఒత్తి ఆపవచ్చు. చర్మం కింద, కండరం వెనక పల్చటి తెర ఒకటుంటుంది. దాని వెనకున్న కొవ్వుకు కనుగుడ్డు వెనక కొవ్వుతో పొత్తు. ఉబ్బు తగ్గించడానికి ఆ కొవ్వును లాగి కోసినప్పుడు రక్తం ఆపడానికి వేడితో కాల్చి మూసే చిన్న రక్తనాళం ఏదైనా సరిగ్గా కాలకపోతే, కోసిన మొదలు లోపలికి జారిపోయి అక్కడ కారుతుంది. కన్ను కూర్చున్న ఎముక గూడు మొత్తం 30 మిల్లీలీటర్లే. అందులో 7 మిల్లీలీటర్ల దాకా కనుగుడ్డే. ఆ ఇరుకులో కొద్దిపాటి రక్తం చేరినా ఒత్తిడి పెరిగి, కంటి నరానికీ రెటీనాకూ రక్తం అందదు. పై రెప్ప, కింది రెప్ప సౌందర్య ఆపరేషన్లలో ఇలా కంటి వెనక రక్తం చేరడం సుమారు రెండు వేల మందిలో ఒకరికి జరుగుతుంది. చూపు శాశ్వతంగా పోయేది అంతకన్నా చాలా తక్కువ మందికి.

కాబట్టి ఏడాది నిండాక కంటి డాక్టరును అడగాల్సిన అసలు ప్రశ్న, ‘చర్మం వరకే తీస్తారా, కొవ్వు కూడానా?’ అని. మీ నాన్నగారి చిక్కు చర్మం జారడమే అయితే చర్మం వరకు తీయించుకుంటే సరిపోతుంది. దాన్ని ఆస్పిరిన్ నడుస్తుండగానే చేయవచ్చు, కమలడం కాస్త ఎక్కువవుతుందంతే. క్లోపిడోగ్రెల్‌ను ఏడాది తర్వాత గుండె డాక్టరే మానిపించవచ్చు. ఇంకా నడుస్తుంటే, ఆయన ఒప్పుకున్నాకే అయిదు రోజుల ముందు దాన్ని ఆపుతారు. అప్పుడు గోల్డ్ క్యాప్సూల్ పక్కన పెట్టి ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ విడివిడిగా రాయించుకోవాలి. ఇక ఆస్పిరిన్ సంగతి: అది ఒకసారి అంటుకున్న ప్లేట్‌లెట్ (రక్తాన్ని గడ్డ కట్టించే కణం) బతికినన్నాళ్లూ, అంటే ఏడు నుంచి పది రోజులు, పని చేయదు. ముందురోజు ఒక్క మాత్ర మానేసి ‘ఆపాను’ అనుకుంటే ఏమీ ఆపినట్టు కాదు.

ఇద్దరు డాక్టర్ల మధ్య మీరు ఫోన్లో కబురు మోయొద్దు. ఏ రెప్పకు ఏ ఆపరేషన్, మత్తు సూదితోనా పూర్తి మత్తుతోనా, కొవ్వు తీస్తారా అన్నది కంటి డాక్టరుతో చీటీ మీద రాయించి, గుండె డాక్టరు చేత దాని కిందే జవాబు రాయించుకోండి.

ప్రశ్న: అమ్మకు 59 ఏళ్లు. గుండెలో మైట్రల్ చోట (ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య) లోహపు వాల్వు వేసి పన్నెండేళ్లయింది. రక్తం పలచబడేందుకు ఎసిట్రామ్ 3 మి.గ్రా. వాడుతుంది. కింది రెప్ప లోపలికి మడుచుకుపోయి వెంట్రుకలు నల్లగుడ్డుకు గుచ్చుకుంటున్నాయి. ఆపరేషన్‌కు ముందు కడుపు మీద ఇంజెక్షన్లు తీసుకోవాలంటున్నారు. మా పక్కింటావిడకు ఇవేమీ లేకుండా మాత్ర ఆపి చేసేశారే! – కరీంనగర్

జవాబు: పక్కింటావిడ ఆ మాత్ర ఎందుకు వాడుతున్నారో కనుక్కోండి. గుండె లయ తప్పినందుకు వాడేవాళ్లలో చాలామందికి, మాత్ర ఆపిన రోజుల్లో దాని బదులు ఇచ్చే ఈ ఇంజెక్షన్లు అక్కర్లేదు. ఇచ్చినా పక్షవాతం ముప్పు తగ్గకపోగా రక్తస్రావం పెరుగుతుందని 2015లో వచ్చిన పెద్ద పరిశోధన తేల్చింది. మీ అమ్మగారి దారి వేరు. లోహపు వాల్వు, అందులోనూ మైట్రల్ చోట ఉన్నది, గడ్డ కట్టే ముప్పులో అన్నిటికన్నా పై వరసలో ఉంటుంది. ఆమెకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డ కట్టడం ఎంత నెమ్మదించిందో చెప్పే రక్తపరీక్ష అంకె) మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. అది పడిపోయి, చేతిలో ఇంకే మందూ లేకుండా నాలుగైదు రోజులు గడపడం జూదమే. ఎలిక్విస్, జారెల్టో లాంటి కొత్త రకం మాత్రలకు మారదామన్నా కుదరదు, లోహపు వాల్వులకు అవి వాడకూడదు.

అయితే ఇంజెక్షన్లకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: అసలు ఆపకుండా చేయలేరా? రెప్ప మడతను సరిచేసేది చాలావరకు పైపై పని. కంటి వెనక కొవ్వు జోలికి పోనక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందురోజు ఐఎన్ఆర్ చూసి 3 లోపు ఉంటే, మాత్ర నడుస్తుండగానే ఆపరేషన్ చేసే ఓక్యులోప్లాస్టీ (కనురెప్పల ఆపరేషన్ల నిపుణులైన) డాక్టర్లు ఉన్నారు. రెప్పకు మూడు కుట్లు వేసి బయటికి తిప్పే చిన్న పద్ధతి ఇంకా సులువు, మడత కొన్నాళ్లకు మళ్లీ తిరగబెట్టొచ్చన్నదే దాని లోపం. మా మొగ్గు ఆపకుండా చేయడం వైపే. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది. రెండో డాక్టరు అభిప్రాయం అక్కడ అడగవచ్చు.

ఆపే చేయాలంటే లెక్క ఇలా ఉంటుంది. ఎసిట్రామ్ కోవదే అయిన వార్ఫరిన్‌ను అయిదు రోజుల ముందు ఆపుతారు. ఎసిట్రామ్ ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి రెండు మూడు రోజులు చాలు. రెండిటికీ ఒకే లెక్క కట్టడం మందుల చీటీల్లో తరచూ దొర్లే తప్పు. ఐఎన్ఆర్ 2 కిందికి దిగాక, కడుపు మీద వేసే ఆ ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ మొదలుపెడతారు. మామూలు మోతాదు కిలో బరువుకు 1 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. కిడ్నీ బలహీనంగా ఉంటే తగ్గించాలి, అందుకే ముందు క్రియాటినిన్ పరీక్ష. చివరి ఇంజెక్షన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య 24 గంటలు ఉండాలి. ఆపరేషన్ పూట ఐఎన్ఆర్ 1.5 దాటకూడదు. అయ్యాక, రక్తం కారడం లేదని డాక్టరు చూసుకుని ఆ రాత్రే గానీ మర్నాడు గానీ ఎసిట్రామ్ పాత మోతాదులోనే మొదలుపెడతారు. ఐఎన్ఆర్ మళ్లీ అందుకునేదాకా ఇంజెక్షన్లు నడుస్తాయి.

వంటింటి సంగతి కూడా. తోటకూర, పాలకూర, గోంగూరల్లో విటమిన్ కె ఉంటుంది. అది ఎసిట్రామ్‌కు ఎదురు పని చేస్తుంది. అలాగని ఆపరేషన్ పేరు చెప్పి ఆకుకూరలు ఒక్కసారిగా మానేస్తే ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. ‘రక్తం పట్టాలి’ అని ఆపరేషన్ తర్వాత రోజూ రెండు పూటలా పెడితే పడిపోతుంది. ముందు ఎంత తింటున్నారో అంతే పెట్టండి. నొప్పికి పారాసిటమాల్ 650 రోజుకు మూడు దాటకుండా రెండు మూడు రోజులు ఫర్వాలేదు. వారాల తరబడి అదే పనిగా వాడితే అదీ ఐఎన్ఆర్ పెంచుతుంది. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, కాంబిఫ్లామ్ ముట్టుకోవద్దు. రెప్ప కుట్లకు చాలామందికి ఆయింట్‌మెంట్ చాలు. మింగే యాంటీబయాటిక్ రాస్తే అందులో మెట్రోనిడజోల్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటివి ఉన్నాయేమో అడిగి, ఉంటే మూడు నాలుగు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించండి.

ఆపరేషన్ రోజు ఖరారయ్యే లోపు వెంట్రుకలు నల్లగుడ్డును గీరకుండా చూసుకోవాలి. కింది రెప్ప చర్మాన్ని చెంప వైపు లాగి టేప్ వేయడం, రోజుకు నాలుగైదుసార్లు చుక్కల మందు, రాత్రికి ఆయింట్‌మెంట్. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే, తెల్లమచ్చ కనిపిస్తే మాత్రం తేదీ కోసం ఆగకూడదు.

ప్రశ్న: నాకు 61. గుండె లయ తప్పినందుకు రోజుకు రెండుసార్లు ఎలిక్విస్ 5 మి.గ్రా. వాడతాను. డిసెంబరులో హైదరాబాద్ వచ్చినప్పుడు పై రెప్పలు, కింద సంచులు రెండూ ఒకేసారి చేయించుకోవాలని ఉంది. ఎన్నాళ్లు ఆపాలి? వారానికే తిరుగు విమానం ఎక్కవచ్చా? – న్యూజెర్సీ

జవాబు: మీ కిడ్నీలు బాగుంటే లెక్క సులువు. ఆపరేషన్ గురువారం అనుకుందాం. పై రెప్పల చర్మం వరకే అయితే చివరి మాత్ర మంగళవారం రాత్రి, బుధవారం మానాలి, అంతా బాగుంటే శుక్రవారం మళ్లీ మొదలు. కింది సంచులంటే కొవ్వు తీయడమే, అంటే ముందు చెప్పిన ఆ లోపలి చోటులోకి వెళ్లడం. దానికి చివరి మాత్ర సోమవారం రాత్రి, మంగళ, బుధ రెండు రోజులూ మానాలి, తిరిగి శని లేదా ఆదివారం మొదలు. ఇదే కోవలోని జారెల్టోకూ ఇదే లెక్క. ఈ రకంలోనే ఇంకొకటైన ప్రడాక్సా వాడేవాళ్లకు మాత్రం కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే ఆపే రోజులు రెట్టింపవుతాయి, ఎందుకంటే అది ఎక్కువగా మూత్రంలోనే పోతుంది. ఈ మాత్రలకు ఐఎన్ఆర్ చూసి లాభం లేదు, మధ్యలో ఇంజెక్షన్లూ అక్కర్లేదు. ఎలిక్విస్ వేసుకున్న రెండు మూడు గంటల్లోనే పూర్తిగా పనిలోకి వస్తుంది. వార్ఫరిన్‌లా అయిదు రోజుల వెసులుబాటు ఉండదు. కాబట్టి తిరిగి మొదలుపెట్టే గంటను ఆపరేషన్ చేసిన డాక్టరు కన్ను చూశాకే నిర్ణయించాలి.

వారానికే విమానం వద్దు. కుట్లు తీసేదే అయిదో రోజు నుంచి ఏడో రోజు లోపు. మాత్ర మళ్లీ మొదలైన తొలి రోజుల్లోనే ఆగిన రక్తం తిరిగి కారే అవకాశం ఉంది. అట్లాంటిక్ మీద అది జరిగితే ఆదుకునేవాళ్లెవరూ ఉండరు. రెండు వారాలన్నా గడవనివ్వండి. మీరు అడగలేదు గానీ ఒక మాట: కింది సంచులు అందం కోసమే అయితే, లయ తప్పిన గుండెతో ఆ రెండు రోజులు మాత్ర మానడం దేనికో మీ గుండె డాక్టరుతో ఒకసారి మాట్లాడండి. పై రెప్పలు మాత్రమే చేయించుకుని కిందవి వదిలేయడమూ ఒక దారే.

ప్రశ్న: రోజూ ఎవియాన్ 400 (విటమిన్ ఇ), చేపనూనె క్యాప్సూల్, పరగడుపున రెండు వెల్లుల్లి రెబ్బలు. ఇవీ ఆపాలా? – తెనాలి

జవాబు: ఆపండి, రెండు వారాల ముందు నుంచి. ఇవి వాడకపోతే గుండెకొచ్చే నష్టమేమీ లేదు, మానడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జింకో, జిన్‌సెంగ్, పసుపు క్యాప్సూళ్లు కూడా అంతే. కూరలో వెల్లుల్లి పోపు, పసుపు మామూలుగా తినండి. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు. ‘ఖాళీ కడుపుతో రమ్మన్నారు’ అని ఆ పూట బీపీ మాత్ర కూడా మానేసి వచ్చేవాళ్లు చాలామంది. పలచబడే మాత్ర ఆపినా, ఆపకపోయినా, బీపీ 180 ఉంటే రెప్ప కారుతూనే ఉంటుంది. గుక్కెడు నీళ్లతో వేసుకోండి. షుగర్ మాత్ర సంగతి విడిగా అడగండి.

ప్రశ్న: ఆపరేషన్ అయి సాయంత్రానికి ఇంటికి పంపేస్తారట. మాది ఊరు, పట్నానికి రెండు గంటలు. రాత్రి ఏం చూసుకోవాలి? రక్తం ఎంత కారితే భయపడాలి? – ఒంగోలు దగ్గర

జవాబు: ఆ రాత్రి పట్నంలోనే ఉండిపోండి. అదే మొదటి జాగ్రత్త. ఎందుకో చెబుతాం. రెప్పకు ఇచ్చే మత్తు సూదిలో అడ్రినలిన్ కలుపుతారు, రక్తనాళాలు ముడుచుకోవడానికి. బల్ల మీద ఒక్క చుక్క కూడా కారనట్టు కనిపించేది దాని చలవే. కొన్ని గంటలకు ఆ ప్రభావం దిగిపోతుంది. అప్పటికి మీరు బస్సులో ఉంటారు. కంటి వెనక రక్తం చేరేది ఎక్కువగా మొదటి 24 గంటల్లో, అందులోనూ మొదటి కొద్ది గంటల్లోనే. రెటీనాకు రక్తం ఆగిపోయాక కోలుకోగలిగే వ్యవధి సుమారు గంటన్నర. రెండు గంటల ప్రయాణం ఆ లెక్కలో ఇమడదు.

కుట్ల దగ్గర అప్పుడప్పుడు చుక్క ఊరడం, కన్నీళ్లలో ఎర్రదనం, రెప్ప కమిలి ముదురు ఊదా రంగు తిరగడం, రెండో రోజుకు అది చెంప మీదికి జారడం మామూలే. పలచబడే మాత్ర మీద ఉన్నవాళ్లకు అది తగ్గడానికి రెండు వారాలకన్నా ఎక్కువే పట్టొచ్చు. చుక్క ఆగకపోతే శుభ్రమైన గాజ్ గుడ్డతో (కట్టు కట్టే పల్చటి గుడ్డ) రెప్పను ఎముక మీదికి, కనుగుడ్డు మీదికి కాదు, పది నిమిషాలు గడియారం చూసి ఒత్తండి. నిమిషానికోసారి తీసి చూస్తే గడ్డ నిలవదు.

రక్తం బయట ఎంత కారిందన్నది కొలత కాదు. చూపు కొలత. పడుకునే గదిలో గోడ క్యాలెండర్‌ను మంచానికి ఎదురుగా తగిలించండి. గంటకోసారి, మేలుకుని ఉన్నంతసేపూ, మంచి కన్ను అరచేత్తో మూసి ఆపరేషన్ కంటితో ఆ పెద్ద అంకెలు చదివించండి. ఆయింట్‌మెంట్ వల్ల మసక ఉంటే రెప్పలార్చాక, అంచు తుడిచాక చదవగలగాలి. రాత్రి కనీసం రెండుసార్లు లేపి చూడండి. ఇందుకే కంటికి బిగుతైన కట్టు కట్టొద్దంటారు. కట్టు వెనక ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు. అంకెలు మాసిపోవడం, ఒకటి రెండుగా కనబడటం, ఒక పక్క కన్ను రాయిలా బిగిసి ముందుకు పొడుచుకు రావడం, పారాసిటమాల్‌కు లొంగని నొప్పి, దాంతో వాంతి – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే బయల్దేరండి, దారిలోంచి ఫోన్ చేయండి. డ్యూటీలో ఉన్నవాళ్లు కుట్లు అక్కడికక్కడే విప్పేస్తారు, కంటి బయటి మూల కోసి ఒత్తిడి వదులుతారు. స్కానింగ్ కోసం ఆగరు. ఆ కోత తర్వాత కుట్టుకోవచ్చు.

మిగతావి చిన్నవే గానీ పనికొస్తాయి. రెండు రోజుల పాటు మేలుకున్నప్పుడు గంటకోసారి పది నిమిషాలు చల్లటి కాపడం. ఐసు నేరుగా కాదు, గుడ్డలో చుట్టి. ఫ్రీజర్లో పెట్టిన పచ్చి బఠాణీల ప్యాకెట్ రెప్ప వంపుకు చక్కగా ఒదుగుతుంది. తల కింద రెండు మూడు దిండ్లు. వంగి చెప్పులు వేసుకోవడం, బిందె ఎత్తడం, సాష్టాంగ నమస్కారం వారం ఆగాలి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. మలబద్ధకం ఉన్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందురోజు నుంచే మందు రాయించండి, ముక్కడమూ రెప్ప మీద భారమే.

ప్రశ్న: రెప్ప ఆపరేషన్‌కని మామగారి వార్ఫరిన్ ఆపించారు. కుట్లు తీసి మూడు వారాలైంది. మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు. ‘అది ఎలుకల మందట, పీడ వదిలింది’ అని ఆయనా సంతోషంగా ఉన్నారు. ఇప్పుడు రెండేసి వేయాలా? – విజయనగరం

జవాబు: ఎలుకల మందుగా 1948లో అమ్మకానికి వచ్చిన మాట నిజమే. మనుషులకు వాడకం మొదలైంది 1954లో. మోతాదులో ఉంది కథంతా. ఆయన పక్షవాతం ముప్పుతో మూడు వారాలు గడిపేశారు. ఈ రోజే గుండె డాక్టరుకు ఫోన్ చేయండి.

రెండేసి వద్దు. వార్ఫరిన్ ఎంత వేసినా పని అందుకోవడానికి అయిదు రోజుల దాకా పడుతుంది. ఎక్కువ వేస్తే అయిదు రోజుల తర్వాత ఐఎన్ఆర్ అదుపు తప్పుతుంది తప్ప ముందుగా పని చేయదు. డాక్టరు వద్దనకపోతే పాత మోతాదే, పాత వేళకే, అయిదో రోజుకో ఆరో రోజుకో ఐఎన్ఆర్ పరీక్ష. ఈలోగా మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చేయి పట్టు తప్పినా 108కి ఫోన్ చేయండి, రెప్ప డాక్టరుకు కాదు.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఆపరేషన్ ఉంటే, మాత్ర ఆపిన రోజునే ఆ స్ట్రిప్ మీద ‘మళ్లీ మొదలు’ అని తేదీ రాసి, రబ్బరు బ్యాండ్ వేసి, బీపీ మాత్రల డబ్బాలోనే ఉంచండి. అల్మారాలో పెడితే అక్కడే ఉండిపోతుంది.